మైక్ పెట్టకముందు

మార్చి 3, సోమవారం

మామయ్య మైక్ పడేశాడు. స్పీకర్ల శబ్దాన్ని కొలిచే మైక్. స్టాండు పక్కనుంచి వెళ్తూ మోచెయ్యి తగిలించాడు, అది తలకిందులుగా గచ్చు మీద పడింది. ఏడేళ్ళుగా దాని మీద ఈగ వాలనివ్వలేదు నేను. తీసి చూస్తే మూతి సొట్టపోయింది.

"పడింది కదా, ఇప్పుడేం చేస్తాం" అన్నాడు. పైగా రెండు చెవులూ పట్టుకుని చూపించి, "ఇవి ఉన్నాయిగా" అని నవ్వు. అరికాలి మంట నెత్తికెక్కింది. నెలాఖరుకల్లా డబ్బింగ్ స్టూడియోకి నలభై జతల స్పీకర్లు పంపాలి. కొలవకుండా ఎలా పంపుతాను? ఒక్కో జతతో పాటు ఈయన చెవులు కూడా అట్టపెట్టెలో పెట్టి పంపనా?

అదే అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

మార్చి 5

కొత్త మైక్ వచ్చింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. విప్పింది నేను, కంప్యూటర్‌కి తగిలించింది నేను, దాంతోపాటు వచ్చిన ఫైళ్ళు ఎక్కించింది నేను. వినే గది గోడలకి ఈ మధ్యే కొత్త పలకలు బిగించాం కాబట్టి ముందు గదిని కొలిచాను. మైక్ మొహం పైకప్పుకేసి పెట్టి, పన్నెండు చోట్ల. గది బాగుంది. ఈ షెడ్డు మొత్తంలో చెప్పిన మాట వినేది ఆ గదొక్కటే.

మార్చి 6

మైక్‌ని బుల్లిపెట్టె కేసి తిప్పాను. గ్రాఫ్ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. తిన్నగా ఉండాల్సిన గీత ఐదు వేల హెర్ట్జ్ దాటాక పైకి ఎగబాకుతోంది.

బుల్లిపెట్టె స్పీకర్ నా బిడ్డ. చెప్పుల పెట్టె కంటే కొంచెం పెద్దది. లావు గొంతు ఊఫర్ నడిబొడ్డున సన్న గొంతు ట్వీటర్. మామూలు స్పీకర్లకి రెండు నోళ్ళు, కింద లావు గొంతు, పైన సన్న గొంతు. దగ్గరగా కూర్చుని తల కాస్త వంచామా, రెండూ రెండు దార్లు పడతాయి. దీనికి ఒకే నోరు. మూడడుగుల దూరంలో కూర్చుని లేచినా వంగినా మనిషి గొంతు మనిషి నోట్లోంచే వస్తుంది. నాలుగేళ్ళు మామయ్య దీన్ని వెక్కిరించాడు. "ఒకడి ఒళ్ళో ఇంకొకణ్ణి కూర్చోబెట్టి ఇద్దర్నీ పాడమంటావేమే" అనేవాడు. నిరుడు విన్నాడు. విని, నోరు మూసుకుని, నమూనా పెట్టె లోపల పెన్సిల్‌తో సంతకం పెట్టాడు. ఆయన సంతకం లేకుండా ఈ షెడ్డులోంచి ఏ స్పీకరూ గడప దాటదు. ముప్ఫై ఏళ్ళుగా అంతే.

మరి ఈ ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత మైక్‌తో ఎప్పుడూ కనపడలేదే. అంటే పాత మైక్‌కి వయసైపోయిందన్నమాట. పై స్వరాలు, అదే ట్రెబుల్, దానికి అందడం మానేసి ఎన్నాళ్ళయిందో ఏమో. మామయ్యకి లాగే.

సాయంత్రానికి కారణం కూడా దొరికింది. ట్వీటర్ చుట్టూ గరాటులా ఉన్న ఊఫర్ కోన్ బాకాలా పనిచేసి ట్రెబుల్‌ని ముందుకి తోస్తోంది. ఒకే నోరు పెడితే వచ్చే తిప్పలే ఇవి. మందు నా దగ్గరుంది.

మార్చి 7

మందపాటి ఉన్నిగుడ్డ లాంటి ఫెల్ట్‌తో ఒక రింగు. ట్వీటర్ చుట్టూ వేలెడు వెడల్పు. దానికి తోడు శబ్దాన్ని రెండు గొంతులకీ పంచే క్రాసోవర్‌లో ఒక రెసిస్టర్ పెంచాను. మళ్ళీ కొలిచాను. స్కేలు పెట్టి గీసినట్టుంది గీత.

పెట్టెలు అతికించే జిగురు అక్కని ఎనభై రింగులు కత్తిరించమన్నాను. ఆవిడకి ఆ పేరు పద్దెనిమిదేళ్ళ క్రితం మామయ్య పెట్టాడు, అసలు పేరు ఆవిడే మర్చిపోయింది. "అయ్యగారు విన్నారా?" అని అడిగింది. కొలిచింది నేను, చెబుతున్నది నేను, అయినా అయ్యగారు వినాలి.

మార్చి 10, సోమవారం

ఇవాళ పెద్ద గొడవైంది.

మామయ్య విన్నాడు. ఆయన ఏ స్పీకర్ విన్నా అదే టేపు. అందులో మా అమ్మ కుక్కర్‌తో వచ్చిన పుస్తకం చదువుతుంది. పాతికేళ్ళ క్రితం రికార్డు చేసింది, ఆ వేళకి చేతికందిన కాగితం అదొక్కటేనట. "మూత పెట్టే ముందు రబ్బరు సరిగా ఉన్నదో లేదో చూసుకోండి." ఆ తర్వాత ఒక తాళాల గుత్తి బల్ల మీద పడుతుంది. అంతే టేపు. చెల్లెలి గొంతు తనకి తెలిసినట్టు ఏ మైక్‌కీ తెలియదంటాడు.

తన చెక్క కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. రెండుసార్లు విన్నాడు.

"మీ అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చదువుతోంది" అన్నాడు. "తాళాలు గుడ్డలో మూటగట్టి పడేశారు."

గ్రాఫ్ చేతికిచ్చాను. కనీసం చూడలేదు.

"కాగితం నాకు వినపడదు అమ్మడూ. ఆ ఫెల్ట్ పీకెయ్. నిరుడు విన్నప్పుడు లేదు కదా అది."

"నిరుడు మైక్ పాడై ఉంది."

"నిరుడు నా చెవులు బాగానే ఉన్నాయిగా."

"ఇప్పుడు బాగున్నాయని ఎవరు చెప్పారు?" అన్నాను.

నోరు జారానని ఒప్పుకోను. ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్నే. అరవై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళు రంపం మోతలో బతికిన మనిషి. "సంతకం పెట్టను ఇంజనీరమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు. పెన్సిల్ చెవి మీదే ఉంది.

మార్చి 11

మామయ్యతో మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. ఇద్దరి మధ్యా జిగురు అక్క కబుర్లు మోసి మోసి, "నాకు జీతం ఇస్తున్నది అతికించడానికి కదా, మిమ్మల్నిద్దర్నీ కూడా అతికించాలా" అని గొణిగింది.

మార్చి 12

మధ్యాహ్నం నేనూ ఆ టేపు విన్నాను, ఒక్కదాన్నే. ఒక్క క్షణం కాస్త మందంగా అనిపించింది. తిన్నాక విన్నాను కదా, బద్ధకం. గ్రాఫ్ మళ్ళీ తీశాను. గీత తిన్నగా ఉంది.

గీత తిన్నగా ఉంది.

మార్చి 14, శుక్రవారం

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వస్తాడనుకోలేదు. "పద, నీ సరదా ఎందుకు కాదనాలి" అన్నాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బొత్తాం ఇచ్చారు. శబ్దం వినపడితే నొక్కాలి. అద్దంలోంచి చూస్తున్నాను. మొదట చకచకా నొక్కాడు. తర్వాత నెమ్మదించాడు. ఆ తర్వాత చాలాసేపు బొత్తాం మీద బొటనవేలు ఊరికే ఆనించి, డాక్టరు మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ కాగితం నాకే ఇచ్చింది. ఎనిమిది వేల దాకా వయసుకి మించి బాగున్నాయట. ఆ పైన జారుడుబల్ల. పన్నెండు వేల దగ్గర శూన్యం.

పన్నెండు వేల దగ్గర శూన్యం. ఇక ఏం వాదిస్తాడు?

ఇంటికొచ్చాక అమ్మ "ఏమైందే?" అంది. చెప్పాను. "గెలిచావన్నమాట" అంది. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

మార్చి 17, సోమవారం

కాగితాన్ని షెడ్డులో నోటీసు బోర్డుకి గుచ్చాను. పక్కనే బుల్లిపెట్టె గ్రాఫ్. ఒకటి తిన్నటి గీత, ఒకటి జారుడుబల్ల. ఎవరి మాట వినాలో నోరు తెరిచి అడగక్కర్లేకుండా అందరికీ తెలుస్తుందని.

పదింటికి మామయ్య వచ్చాడు. బోర్డు ముందు ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పై నుంచి కింద దాకా చదివాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, నా దగ్గర సమాధానాలన్నీ ఉన్నాయి. జేబులోంచి వినే గది తాళంచెవి తీసి నా బల్ల మీద పెట్టాడు. జిగురు అక్కకి మాత్రం చెప్పి వెళ్ళాడు.

ఆయన కుర్చీ గదిలోంచి తీయించి సామాన్ల కొట్లో వేయించాను. చెక్క కుర్చీ శబ్దాన్ని పాడుచేస్తుంది. ఎప్పణ్ణుంచో అనుకుంటున్న పనే.

మార్చి 18

పెట్టెలు బిగిస్తున్నాం. సంతకాలు నేనే పెడుతున్నాను. పెన్సిల్ కాదు, పెన్ను.

మార్చి 19

అమ్మ ఇవాళ నాతో అన్న మాటలు: "అన్నం తింటావా." "గ్యాస్ కట్టేశావా." ఇంక లేవు. ఆవిడ అన్నయ్య తప్పు చేస్తే తప్పనకూడదా? ఆయన పని నేర్పాడని జీవితాంతం తలూపాలా? తొమ్మిదేళ్ళప్పుడు ఆ కుర్చీ పక్కనే ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టి, తాళాల గుత్తిలో ఎన్ని తాళాలున్నాయో విని చెప్పమనేవాడు. ఏడు అని చెప్పాను. ఏడే ఉన్నాయి. షెడ్డంతా తిప్పి అందరికీ చెప్పాడు. అయితే ఏమిటి?

మార్చి 20, గురువారం

మొదటి రెండు జతలు సోమవారమే డబ్బింగ్ స్టూడియోకి పంపాను. వాళ్ళ ఇంజనీరు ఇవాళ ఫోన్ చేశాడు. నెమ్మదైన మనిషి. అంత నెమ్మదైన వాళ్ళని చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది.

"మేడమ్, గొంతులు ఎక్కడున్నాయో భలే కచ్చితంగా చెబుతున్నాయండి. ఆ విషయంలో వంక పెట్టలేం. కానీ మాట వెనక్కి పోతోంది. మావాళ్ళు ట్రెబుల్ పెంచేసి మిక్స్ చేస్తున్నారు. అది వేరేచోట వింటే చెవులు గీరేస్తోంది."

"మీ గది సంగతి చూసుకున్నారా?"

"పక్కనే పాత స్పీకర్లు పెట్టి విన్నామండి. మీరు చేసినవే. ఈసారి ఎవరైనా విన్నారా అని అడుగుదామని చేశాను."

ఎవరైనా విన్నారా. ప్రపంచమంతా కూడబలుక్కుని నా మీద పడింది. రేపు మిగతా జతలన్నీ మళ్ళీ కొలిచి, ఒక్కో గ్రాఫూ అచ్చువేసి, ఆ ఇంజనీరు మొహాన కొడతాను.

మార్చి 21, శుక్రవారం

పదకొండు గ్రాఫులు అచ్చువేశాను. పదకొండూ తిన్నగా ఉన్నాయి. పన్నెండోది ప్రింటర్‌లోంచి తలకిందులుగా వచ్చింది. అందుకని అడుగున సన్నక్షరాల్లో ఉన్న లైను ముందు కంటపడింది. తేదీ, మైక్ నంబరు, ఫైలు పేరు. ఫైలు పేరు చివర తొంభై.

కొత్త మైక్‌తో కంపెనీ రెండు సవరణ ఫైళ్ళిస్తుంది. మైక్ మొహం స్పీకర్ కేసి ఉంటే ఒకటి. పైకప్పుకేసి ఉంటే రెండోది, అదే తొంభై. పైకి చూసే మైక్‌కి పక్కనుంచి వచ్చే ట్రెబుల్ తక్కువగా అందుతుంది. అందుకని ఆ ఫైలు ట్రెబుల్‌ని పెంచి చూపిస్తుంది.

అయిదో తారీఖున గదిని కొలిచాను. ఆరున మైక్‌ని తిప్పాను. ఫైలు తిప్పలేదు.

బుల్లిపెట్టెలో ఎత్తు లేదు. కోన్ బాకా కాదు. లేని ఎత్తుని నేను పదిహేను రోజులు ఫెల్ట్ పెట్టి నొక్కాను.

ఎనభై పెట్టెలు.

మార్చి 22

ఫైలు ఎవరికైనా మారుతుంది. మైక్ ఆయన పడెయ్యకపోతే కొత్తది వచ్చేదే కాదు. రెండు ఫైళ్ళకీ ఒకేలాంటి పేర్లు పెట్టిన కంపెనీ వాళ్ళని అనాలి. గ్రాఫ్ చూడమంటే చూడలేదాయన. చూసి ఉంటే అడుగున లైను కనపడేది కదా.

ఆయనకి కళ్ళజోడు పెట్టుకున్నా అంత చిన్న అక్షరాలు ఎలాగూ కనపడవు.

ఒక పెట్టెకి ఫెల్ట్ పీకాను. రెసిస్టర్ పాతది పెట్టాను. టేపు వేశాను. మూత పెట్టే ముందు రబ్బరు సరిగా ఉన్నదో లేదో చూసుకోండి. అమ్మ నోటి మీంచి చెయ్యి తీసింది.

మార్చి 23, ఆదివారం

ఈ నెల రాసినదంతా మొదటినుంచి చదివాను. పన్నెండో తారీఖు దగ్గర ఆగిపోయాను.

మార్చి 24, సోమవారం

మామయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. వంటగదిలో సింకు కింద పడుకుని ఉన్నాడు. నడుము నుంచి కాళ్ళ దాకానే కనిపిస్తున్నాడు. నేలంతా తడి.

"మామయ్యా."

"ఊఁ."

"ఫైలు తప్పు పెట్టాను. గదిని కొలిచిన ఫైలుతోనే స్పీకర్‌నీ కొలిచాను. ఎత్తు లేనే లేదు. నువ్వన్నదే నిజం."

ఆయన కాళ్ళకి చెబుతున్నాను. ఒక కాలి బొటనవేలు కదిలింది.

"పానా ఇలా ఇయ్యి."

ఇచ్చాను. లోపల ఏదో తిప్పాడు. నాకు మళ్ళీ కోపమొచ్చింది. రెండు రోజులుగా కూడగట్టుకుని వచ్చాను, ఈయనకి పానా కావాలి.

"వినపడిందా?" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను.

"ఎనిమిది వేల లోపే మాట్లాడుతున్నావుగా, వినపడింది. ఫైలు సంగతి సరే. నేనొకసారి ప్రతి జతలో ఒక పెట్టెకి తీగలు తిరగేసి బిగించి అరవై జతలు పంపాను. మీ అమ్మనడుగు. ఒక్కటి చెప్పు. నువ్వు విన్నావా ఆ టేపు?"

"విన్నాను."

"ఏమనిపించింది?"

లేదు, నాకేం తేడా తెలియలేదు అని చెబితే అక్కడితో అయిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఈ డైరీ సంచిలో ఉంది. తీసి ఆ పేజీ చదివాను. ఒక్క క్షణం కాస్త మందంగా అనిపించింది. తిన్నాక విన్నాను కదా, బద్ధకం. గీత తిన్నగా ఉంది. రెండుసార్లు రాసిన ముక్క రెండుసార్లూ చదివాను.

పానా చప్పుడు ఆగిపోయింది. నెమ్మదిగా బయటికి జరిగి, సింకు అంచు పట్టుకుని లేచి కూర్చున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"పన్నెండున విన్నావు" అన్నాడు. "పద్నాలుగున నన్ను ఆ అద్దాల గదిలో కూర్చోబెట్టావు."

"అవును."

"ఈ ట్యాపు కారుతున్న చప్పుడు వారం నుంచి వినపడుతోందే నాకు. నిజంగా కారుతోందా, నేను ఊహించుకుంటున్నానా తెలియలేదు. మీ అమ్మ ఫోన్ చేస్తే, ఆ గొంతు అలాగే ఉందా, నాకే అలా వినిపిస్తోందా అని ఫోన్ ఆ చెవికీ ఈ చెవికీ మార్చుకుంటూ కూర్చున్నా. యాభై ఏళ్ళలో నాకెప్పుడూ అలా లేదు. చివరికి ఇవాళ విప్పి చూశా."

"కారుతోందా?"

"కారుతోంది."

తిట్టు మామయ్యా అన్నాను. తిట్టలేదు. తువ్వాలు ఇమ్మన్నాడు. తల తుడుచుకుని అన్నాడు: "తప్పు కొలిచినందుకు నాకేం కోపం లేదు. విని కూడా నోరు మూసుకున్నావు చూడు, అది నేను నేర్పలేదు."

మెట్లు దిగుతుంటే నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో ఇక్కడ రాయను. ఇంతకు ముందు పేజీలన్నిట్లో రాసే ఉంది.

మార్చి 25

స్టూడియోలో ఉన్నవీ మొన్న పీకిందీ పోను డెబ్భై ఐదు రింగులు. నేనూ జిగురు అక్కా పీకుతున్నాం. "నేను అతికిస్తే ఊడదని అయ్యగారు ఊరంతా చెప్పుకుంటారు. ఇప్పుడు నేనే ఊడబీకాలా?" అని రోజంతా సణిగింది. కరెక్టే. ఒక్కో రింగుకీ పావుగంట పట్టింది. నా గోళ్ళు రెండు విరిగాయి. రెసిస్టర్లు నేనొక్కదాన్నే మార్చాను. పెన్ను సంతకాలు గరుకు కాగితంతో రుద్దేశాను.

కుర్చీ కొట్లోంచి తెచ్చి తుడిచి గదిలో వేశాను. డబ్బింగ్ ఇంజనీరుకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పి, ఆ రెండు జతలూ వెనక్కి పంపమన్నాను. "అయ్యో, పర్లేదండి" అన్నాడు, అంతే నెమ్మదిగా.

మార్చి 27, గురువారం

మామయ్య వచ్చాడు. వస్తానని చెప్పలేదు. తిన్నగా నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. కాగితం తియ్యబోతే నా చెయ్యి పక్కకి తోశాడు.

"ఉంచు" అన్నాడు. చెవి మీది పెన్సిల్ తీసి, 'ఎనిమిది వేల దాకా వయసుకి మించి బాగున్నాయి' అని డాక్టరమ్మ రాసిన లైను కింద గట్టిగా గీత గీశాడు. "నువ్వు గుచ్చినప్పుడు ఇది ఎవరూ చదవలేదు. ఇప్పుడు చదవనీ."

తర్వాత నావైపు తిరిగాడు. షరతు చెప్పాడు. ఇకనుంచి ఏ జతకైనా ముందు నేను వినాలి. విన్నది రాయాలి. ఆ తర్వాతే మైక్. రాసింది కొట్టెయ్యకూడదు, గ్రాఫ్ ఏం చెప్పినా సరే. "పుస్తకం ఉందిగా నీ దగ్గర" అన్నాడు.

"అందులో నిన్ను తిట్టినవి ఉన్నాయి."

"వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయా లేవా?"

ఉన్నాయి. నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తను ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేసి రెండుసార్లు అటూ ఇటూ సర్దుకున్నాడు. కుర్చీ తీసుకో మామయ్యా అంటే వినడు. ఈ విషయంలో మాత్రం నాకింకా కోపంగానే ఉంది.

మొదటి జత. మైక్ ఇంకా పెట్టలేదు.

అమ్మ నా ఎదురుగా కూర్చుని చదువుతోంది. నలభై ఏళ్ళు కూడా ఉండవు ఆ గొంతుకి. రబ్బరు అన్నప్పుడు పెదాలు కలిసి విడిపోవడం తెలుస్తోంది. తల వంచాను, గొంతు ఉన్నచోటి నుంచి కదల్లేదు. తాళాలు పడ్డాయి. ఏడు.

కుడి పెట్టెలో, తాళాల చప్పుడు ఆగాక, బాగా పైన, దారం లాగినంత సన్నగా గరగర ఉంది. మామయ్య కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. బాగుంది అన్నట్టే ఆ తల ఊపడం. అది ఆయనకి అందదు.

నాకు వినపడింది. పైకే చెప్పాను. రాశాను.